ప్రెయిరీ స్కూనర్ గూడుబండి: సామాన్లకు భేష్, రోగికి మాత్రం కాదు

1840లలో అమెరికాలోని మిస్సోరీ, ఇల్లినాయ్, ఇండియానా నదుల పక్కన కాపురమున్న కుటుంబాలకు చలిజ్వరం, అంటే మలేరియా, ఏటా వచ్చే చుట్టం. ఒకరోజు వణుకు, ఒకరోజు తెరిపి, మళ్లీ వణుకు. కోతల వేళకి ఇంట్లో సగంమంది మంచాల మీదే. అలాంటి ఇళ్లలో "పడమరకి వెళ్తే గాలి మంచిదట" అన్న మాట పొలం అమ్మించేంత బలంగా పనిచేసింది. పొలం అమ్మిన డబ్బు మొదట పోయేది బండికీ ఎద్దులకీ. ఈ సమీక్ష ఆ బండి గురించే. ఆరోగ్యం వెతుక్కుంటూ బయల్దేరిన కుటుంబానికి, అందులోనూ పడుకోబెట్టి తీసుకెళ్లాల్సిన మనిషి ఉన్న కుటుంబానికి, ప్రెయిరీ స్కూనర్ ఎంతవరకు పనికొచ్చింది?

మా మాట ముందే చెప్పేస్తున్నాం. నాలుగైదు నెలల తిండీ పనిముట్లూ మోయడానికి ఆ దారిలో దీన్ని మించింది లేదు. జబ్బు మనిషిని మోయడానికి మాత్రం ఇది పనికిరాదు. కొనేవాళ్లు ఈ రెండు పనుల్నీ వేర్వేరుగా చూడాలి.

మొదట ఒక పొరపాటు సరిదిద్దుకుందాం. బొమ్మల్లో రెండు కొసలూ పడవలా పైకి లేచిన పెద్ద బండిని చూపిస్తుంటారు. అది కొనెస్టోగా. పెన్సిల్వేనియా వైపు సరుకులు తోలడానికి పుట్టిన బండి. దాని సొంత బరువుకే ఎద్దులు కొండల దాకా రాకుండా అలిసిపోతాయి. ఆరెగాన్, కాలిఫోర్నియా దారుల్లో కుటుంబాలు ఎక్కువగా తోలుకెళ్లింది మామూలు వ్యవసాయపు బండిని, పైన గుడ్డ గూడు కట్టి. ప్రెయిరీ స్కూనర్ అన్నది దీన్నే. తొట్టి వెడల్పు సుమారు 4 అడుగులు, పొడవు 10 నుంచి 12 అడుగులు, పక్కబల్లల ఎత్తు 2 నుంచి 3 అడుగులు. ఖాళీ బండే దాదాపు 1,300 పౌండ్లు, అంటే 590 కిలోలు తూగుతుంది. వెనక చక్రాలు సుమారు 50 అంగుళాలు, ముందువి 44 అంగుళాలు. ముందు చక్రం చిన్నదిగా పెట్టడానికి కారణం ఉంది: మలుపు తిరిగేటప్పుడు అది తొట్టి కిందికి కొంత దూరాలి, లేకపోతే బల్లకి రాసుకుంటుంది.

మన రెండు చక్రాల ఎడ్లబండికి అలవాటుపడ్డ కళ్లకి కొత్తగా కనిపించేది ముందు ఇరుసు. అది మొత్తంగా అటూ ఇటూ తిరుగుతుంది. దాన్ని బండికి పట్టి ఉంచేది నిలువుగా దిగిన ఒకే ఒక్క లావాటి ఇనుప మేకు. అది విరిగితే ముందు చక్రాలు ఎద్దుల వెంట వెళ్లిపోతాయి, తొట్టి ముక్కు నేలకి కొడుతుంది. అలాంటి మేకు ఇంకొకటి, నాలుగు కడచీలలు (చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన పెట్టే మేకులు), కొన్ని చక్రపు ఆకులు (చక్రం నడిబొడ్డు నుంచి అంచుకి వెళ్లే కర్రలు), ఇరుసుకి పనికొచ్చే గట్టి దుంగ ఒకటి బండి కింద కట్టుకుని వెళ్లడం తప్పనిసరి. వందల మైళ్ల మైదానంలో ఇరుసుకి సరిపోయే చెట్టు దొరకదు. దుంగ తీసుకెళ్లని వాళ్లు ఇరుసు విరిగినచోట బండిని సగానికి కోసి, మిగిలిన రెండు చక్రాల మీద బండి చేసుకుని, సగం సామాను దారిపక్కన వదిలేశారు.

గూడు సంగతి క్లుప్తంగా. హికరీ కర్రలను నానబెట్టి వంచి చేసిన కమానులు ఐదారు, వాటి మీద రెండు పొరల నూలు కాన్వాసు. అవిసె నూనె పట్టించి బాగా ఆరనిస్తే వాన దాదాపుగా ఆగుతుంది. ముందూ వెనకా తాడు లాగితే సంచి మూతిలా ముడుచుకుంటుంది. లోపలివైపు జేబులు కుట్టుకుంటే దువ్వెన, కత్తెర, మందు సీసాల్లాంటివి సామాన్ల అడుగున పడకుండా చేతికందుతాయి. ఈ భాగంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

పడక దగ్గరికి వస్తే సమస్యంతా ఉంది. తొట్టికీ ఇరుసుకీ మధ్య స్ప్రింగుల్లేవు. చక్రం రాయెక్కినా గుంటలో దిగినా ఆ దెబ్బ నేరుగా నడుముకే. పొద్దున్న పితికిన పాలు చిన్న పీపాలో పోసి బండికి వేలాడదీస్తే సాయంత్రానికి వెన్న తేలి ఉండేది. అదే కుదుపు లోపల జ్వరంతో పడుకున్న మనిషికీ తగిలేది.

1844 ఏప్రిల్‌లో మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్ దగ్గర నుంచి బయల్దేరిన సేగర్ కుటుంబం ఇందుకు మంచి ఉదాహరణ. ఆరెగాన్ వాతావరణం ఆరోగ్యానికి మంచిదన్న మాటే తమ తల్లిని ప్రయాణానికి ఒప్పించిందని వాళ్ల కూతురు కేథరీన్ తర్వాత రాసింది. బండి ఊగుడుకి అందరికీ కడుపులో తిప్పిందనీ, అది అలవాటు కావడానికి వారాలు పట్టిందనీ, వాన పడ్డప్పుడు గుడ్డ బిగించి కట్టడంతో లోపల గాలాడక ఆ తిప్పుడు ఇంకా ఎక్కువైందనీ కూడా ఆమే రాసింది. మంచి గాలి కోసం బయల్దేరినవాళ్లకి బండిలో దొరికింది ఉక్కపోత.

పడుకోబెట్టక తప్పని మనిషి ఉంటే కుదుపు తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి. పడకను రెండు ఇరుసులకీ సరిగ్గా మధ్యలో వేయాలి. వెనక ఇరుసు మీద తల పెట్టుకుని పడుకోవడం అన్నిటికంటే చెడ్డది. పిండి బస్తాలను అడుగున చదునుగా, సందు లేకుండా పేర్చి, వాటి మీద గడ్డి పరుపు, దానిపైన ఈకల పరుపు వేయాలి. బస్తా బరువు చిన్న కుదుపుల్ని మింగుతుంది. వాన లేనప్పుడు గుడ్డను రెండు పక్కలా పైకి చుట్టి కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, మనిషి నాలుగడుగులు వేయగలిగిన రోజున దింపి నడిపించడం. ఒంట్లో బాగున్నవాళ్లలో చాలామంది ఈ బండిలో కూర్చుని ప్రయాణం చేయలేదు. పక్కనే నడిచారు. బండివాడు కూడా ఎడమ ఎద్దు పక్కన నడుస్తూనే తోలాడు.

ఇక బండికి అసలు ప్రాణం చక్రం. దాని బలహీనత పడమటి గాలిలోనే బయటపడుతుంది. ఆ దారి పక్కన పారే ప్లాట్ నది వెంట ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పొడిబారుతుంది. దగ్గుతో బాధపడే వాళ్లకి వైద్యులు మంచిదని చెప్పిన పొడిగాలి ఇదే. చెక్కకి మాత్రం ఇది శత్రువు. పూటీలు (చక్రం అంచు చెక్కలు), ఆకులు ఎండి కుంచించుకుపోతాయి. ఇనుప పట్టా కుంచించుకోదు. దాంతో పట్టా వదులై పక్కకి జారుతుంది, ఆకులు తమ తొర్రల్లో కదులుతాయి. చెవి పెట్టి వింటే ముందే తెలుస్తుంది: గట్టి చక్రం ఒకే మోతగా దొర్లుతుంది, వదులైంది ఒక్కో చుట్టుకి టక్ టక్ మంటుంది. ఆ చప్పుడు విన్న రోజే పని మొదలుపెట్టాలి.

తేలికైన వైద్యం, సాయంత్రం చక్రం ఊడదీసి రాత్రంతా ఏట్లో పడుకోబెట్టడం. మన ఊళ్లలో ఎండాకాలం బండి చక్రాలను చెరువులో వేసి నానబెట్టిన పద్ధతే ఇది. చెక్క ఉబ్బి పట్టా బిగుస్తుంది. ఇది నిలిచే మందు కాదు, మళ్లీ ఎండ తగిలితే మళ్లీ వదులే. రెండోది, పూటీకీ పట్టాకీ మధ్య సన్నని చెక్క చీలికలు చుట్టూ సమానంగా దిగ్గొట్టడం. ఒక్కవైపే కొడితే చక్రం గుండ్రం పోతుంది. నిలిచే పని మూడోది: పట్టా పూర్తిగా తీసేసి, పూటీల మీద పలచని చెక్క పట్టీ చుట్టూ మేకులతో కొట్టి, పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, ఎక్కించి, వెంటనే నీళ్లు పోయడం. ఇనుము చల్లారుతూ బిగుసుకుంటుంది. మన కమ్మరి కొలిమి దగ్గర పట్టా ఎక్కించడం చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. కొలిమి బదులు పిడకల మంట ఉంటుంది, అంతే. ఆ పిడకలు అడవిదున్న పేడవి.

కొనేటప్పుడే జాగ్రత్తపడితే ఈ బాధ సగం తప్పుతుంది. చెక్క బాగా ఎండి పండినదై ఉండాలి. పచ్చికర్రతో చేసి రంగు పూసిన చక్రం షాపులో ఎంత నిగనిగలాడినా మైదానంలో విడిపోతుంది. అమెరికా సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన రాండాల్ఫ్ మార్సీ 1859లో ప్రయాణికులకు రాసిన సలహాల్లో ఓసేజ్ ఆరెంజ్ అనే చెట్టు కర్రతో చేసిన చక్రాలే ఉత్తమమన్నాడు. అది చాలా తక్కువగా కుంచించుకుంటుంది.

కందెన గురించి ఒక్క మాట. వెనక ఇరుసుకి వేలాడే చిన్న చెక్క బక్కెట్టు అలంకారం కాదు. అందులో ఉండేది పైన్ తారు, పశువుల కొవ్వు కలిపిన కందెన. ఇరుసుని ఎత్తి, కడచీల తీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, పాత మురికి తుడిచి, కొత్తది పూయాలి. పాత కందెనలో ఇసుక కలిసి ఉంటుంది కాబట్టి తుడవకుండా పూస్తే అది సానరాయిలా ఇరుసుని అరగదీస్తుంది. కందెన అయిపోతే పందికొవ్వు వాడినవాళ్లూ ఉన్నారు.

బరువు లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవాలి, ఏరు దాటేటప్పుడు కాదు. తొట్టిలో 2,000 నుంచి 2,500 పౌండ్లు, అంటే 900 నుంచి 1,130 కిలోల లోపే ఉండాలి. మార్సీ లెక్కన 110 రోజులకి ఒక్కో పెద్దమనిషికి గోధుమపిండి 150 పౌండ్లు, ఉప్పులో ఊరవేసిన పందిమాంసం 25 పౌండ్లు, కాఫీ 15, చక్కెర 25, ఆపైన ఉప్పు, మిరియాలు, వంట సోడా. మాంసానికి మిగతా లోటు వెంట తోలుకెళ్లే పశువులు తీరుస్తాయి. నలుగురికి ఇదొక్కటే 860 పౌండ్లు. పనిముట్లు, విడిభాగాలు, పరుపులు, గుడారం, వంటసామాను కలిపితే బండి నిండిపోయినట్టే. పడుకునే మనిషికి ఆరడుగుల చోటు కావాలంటే బీరువా, ఇనుప పొయ్యి లాంటివి మొదటి రోజే ఇంట్లో వదిలేయాలి. వదలనివాళ్లు వాటిని దారి పక్కన వదిలారు, ఎద్దుల ప్రాణం తీశాక.

మార్సీ సలహాల్లో మన వంటింటికి బాగా తెలిసిన పని ఒకటుంది. వెన్న పాడవకుండా ఉండాలంటే బాగా కాచి, పైకి తేలిన నురగంతా తీసేసి, తేటగా నూనెలా అయ్యాక టిన్నుల్లో పోసి మూతకి మాటు వేయాలట. మనం నెయ్యి అనేదానికి దాదాపు అదే. పిండికి 100 పౌండ్లు పట్టే రెండు పొరల కాన్వాసు సంచులు, చక్కెరకి తడి తగలని రబ్బరు సంచులు, ఎండ ప్రాంతాల్లో పందిమాంసానికి చుట్టూ తవుడు నింపిన పెట్టెలు. తవుడు లేకపోతే కొవ్వు కరిగి కారిపోతుంది. ఇవన్నీ పాటించదగ్గవే. ఈ తిండిలో లోటు పళ్లు, కూరలు. నెలల తరబడి పిండీ మాంసమే తింటే స్కర్వీ వచ్చి చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. దారిలో దొరికే అడవి ఉల్లి, ఆకుకూరలు తినాలి. జబ్బు మనిషికి ఇవి మందులతో సమానం.

బండి లాగడానికి ఎద్దులా కంచరగాడిదలా అన్నదానికి మా ఓటు ఎద్దులకే. ఆరు కంచరగాడిదల జట్టు 600 డాలర్లు, ఎనిమిది ఎద్దుల జట్టు సుమారు 200 డాలర్లు అని మార్సీ లెక్క. ఎద్దు గంటకి రెండు మైళ్లే నడుస్తుంది, రోజుకి 12 నుంచి 15 మైళ్లు. ఆ నెమ్మది నీరసంగా ఉన్న మనిషి పక్కన నడవడానికి సరిపోతుంది. చీలిన గిట్ట కాబట్టి నాడా ఒక్కో కాలికి రెండు ముక్కలు, ఎద్దుకి ఎనిమిది. మన ఎద్దులకి కొట్టినట్టే. బయల్దేరేది ఏప్రిల్ చివర, మే మొదట్లో. ముందు వెళ్తే గడ్డి మొలవదు, ఆలస్యమైతే కొండల్లో మంచు ముందుగా వస్తుంది.

ఎంత మంచి బండైనా కాపాడలేనిది నీళ్ల దగ్గర. 1849, 1850, 1852ల్లో ప్లాట్ నది పొడవునా కలరా చెలరేగింది. ఒకే ఒడ్డున గుంపు తర్వాత గుంపు దిగడం, అక్కడే మలవిసర్జన, ఆ పక్కనే చెలమలు తవ్వి నీళ్లు తోడుకోవడం దానికి కారణం. పొద్దున్న బాగున్న మనిషి సాయంత్రానికి పోయేవాడు. దారిలోని ఫోర్ట్ లారమీ అనే కోట దాటి ఎత్తుకి వెళ్లాక అది చాలావరకు తగ్గేది. కాఫీ ఎక్కువ తాగినవాళ్లకి కొంత మేలు జరిగింది, కాఫీ వల్ల కాదు, నీళ్లు మరిగినందువల్ల. మనసు కలచివేసేది ఒకటుంది: ఉప్పు, చక్కెర రెండూ ఆ బండిలోనే ఉన్నాయి. ఆ రెండూ శుభ్రమైన నీళ్లలో సరైన పాళ్లలో కలిపి తాగిస్తే కలరా రోగి బతుకుతాడన్న సంగతి వైద్యానికి తెలిసింది 1960లలో. మార్సీ చెప్పిన మందుల పెట్టెలో క్వినైన్ (చలిజ్వరం మందు), నల్లమందు, విరేచనాల మందు, బ్లూ మాస్ ఉన్నాయి. ఈ చివరిది పాదరసం కలిపిన మందు, ఒంటికి విషమే. నిజంగా తన పని తాను చేసింది క్వినైన్.

క్వినైన్ ఎందుకు వదలకూడదో చెప్పే కథ ఒకటి అప్పట్లో బాగా తిరిగింది. 1840 ప్రాంతంలో ఆంత్వాన్ రోబిడూ అనే వ్యాపారి మిస్సోరీ జనానికి కాలిఫోర్నియా గొప్పలు చెబుతుంటే, అక్కడ చలిజ్వరం ఉందా అని అడిగారట. ఒక్కడికే వచ్చింది, వాడూ మిస్సోరీ నుంచి తెచ్చుకున్నవాడే, వాడు వణుకుతుంటే చూడ్డానికి మాంటెరే ఊరు ఊరంతా 18 మైళ్లు వెళ్లింది అన్నాడట. 1841లో బండ్ల గుంపుతో కాలిఫోర్నియా వెళ్లిన జాన్ బిడ్వెల్ దీన్ని రాసిపెట్టాడు. గొప్పల సంగతి అలా ఉంచితే, ఇందులో వైద్యం నిజమే. మలేరియాలో ఒక రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. ఊరు మారితే పాత జ్వరం పోదు, కొత్త దోమ కుట్టడం మాత్రం తగ్గుతుంది. చలిజ్వరానికి చెడుగాలి కారణమనే అప్పట్లో అనుకునేవారు. దోమేనని 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనిపెట్టాక గానీ, ఆ పొడి మైదానాల్లో వణుకు ఎందుకు తగ్గిందో సరిగ్గా అర్థం కాలేదు.

ఆరెగాన్‌లో జబ్బుల్లేవన్న ప్రచారం మాత్రం తప్పు. 1830ల మొదట్లో దిగువ కొలంబియా, విలామెట్ లోయల్లో బయటినుంచి వచ్చిన మలేరియా అక్కడి చినూక్, కలపూయా అనే ఆదివాసీ జనాల్లో అత్యధికుల్ని పొట్టన పెట్టుకుంది. ఆరోగ్యం కోసం వెళ్లిన బండ్ల దారినే మీజిల్స్, కలరా కూడా ఆ జాతుల దగ్గరికి చేరాయి. ఈ బండి గురించి రాసేటప్పుడు దీన్ని వదిలేయకూడదు.

బాగుపడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. జొసాయా గ్రెగ్ అనే అతను 1831లో ఏ వైద్యానికీ లొంగని జబ్బులతో, వైద్యుల సలహా మీద నైరుతి వైపు వెళ్లే శాంటా ఫే దారి పట్టాడు. ఎక్కింది ఈ బండి కాదు, డియర్‌బార్న్ అనే తేలికపాటి పరదాల బండి. మొదటి వారంలోనే దిగి గుర్రమెక్కాడు; అడవిదున్నల మేతబయళ్లు చేరేసరికి వేటకి ఉరికేంత బలం, కడుపునిండా తినే ఆకలి వచ్చాయని రాసుకున్నాడు. మనిషి బండి దిగాకే బాగుపడ్డాడు. డబ్బు ఉన్న కుటుంబానికి మా సలహా ఇదే: సామానుకి స్కూనర్, రోగికి వెంట ఒక తేలికబండి.

పిల్లలున్న ఇంటికి ఒక హెచ్చరిక. బండికి మెట్టు లేదు, చాలావాటికి బ్రేకులూ లేవు. నెబ్రాస్కాలో విండ్లాస్ హిల్ లాంటి వాలులో చక్రాలకి గొలుసు బిగించి, వెనక తాళ్లతో పట్టి దించారు. నడుస్తున్న బండిలోంచి దూకడం పిల్లలకి త్వరగా అలవాటైపోతుంది. 1844 ఆగస్టు 1న కేథరీన్ సేగర్ అలాగే దూకింది. గౌను గొడ్డలి కామకి తగులుకుని చక్రం కింద పడింది, కాలు నలిగిపోయింది. తండ్రే ఎముక సరిచేశాడు. తర్వాత కొన్ని వారాల్లోనే దారిలో పట్టిన జ్వరంతో ఆయన పోయాడు, వెనకే తల్లి. ఏడుగురు పిల్లలే చివరిదాకా చేరారు. గొడ్డలి, రంపం లాంటివి ఎప్పుడూ పిల్లలు దిగే వైపు కాకుండా రెండోవైపు కట్టండి. పొడవు గౌన్ల అంచు మోకాలి కిందికి కత్తిరించండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఈ బండిని చూడాలంటే నెబ్రాస్కాలో స్కాట్స్ బ్లఫ్ దగ్గర, ఆరెగాన్‌లో బేకర్ సిటీ దగ్గర చూడొచ్చు. చూసేటప్పుడు గూడు ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. వంగి తొట్టి అడుగు చూడండి: స్ప్రింగు ఉండాల్సిన చోట చెక్క మీద చెక్క నేరుగా కూర్చుని ఉంటుంది. తర్వాత వయోమింగ్‌లో గర్న్‌జీ దగ్గరికి వెళ్తే, ఇసుకరాయిలో కొన్నిచోట్ల ఐదడుగుల లోతున పడ్డ చక్రాల గాడి కనిపిస్తుంది. ఆ రాతి మీద దొర్లే బండిలో, స్ప్రింగుల్లేని తొట్టిలో, పిండి బస్తాల మీద ఎవరో ఒకరు జ్వరంతో పడుకునే ఉన్నారు.